క్రౌన్ ఎందుకు ఎత్తు వస్తోంది? ఒక బైట్ రికార్డు డైరీ

1వ రోజు

ఈ రోజు ఒక జిర్కోనియా క్రౌన్‌ను (అరగదీసిన పంటి మీద తొడిగే గట్టి పింగాణీ తొడుగును) పేషెంట్ నోట్లో పెట్టాక పావుగంట సేపు అరగదీశాను. కింది దవడలో చివరి మోలార్ (దవడపన్ను). అంచులు బాగా కూర్చున్నాయి, పక్క పంటితో కాంటాక్ట్ సరిపోయింది, రంగు కూడా కలిసింది. "పళ్ళు కలపండి" అన్నాను. అంతే, నోరు మొత్తం ఆ ఒక్క క్రౌన్ మీద ఆగిపోయింది. ముందు పళ్ళ మధ్య సందు మామూలు కంటికే కనిపిస్తోంది. నీలం పేపర్ పెట్టి కొరికించడం, మచ్చ పడ్డచోట అరగదీయడం, మళ్ళీ కొరికించడం. చివరికి ల్యాబ్‌లో అంత ఓపిగ్గా తీర్చిన మొనలూ గాడులూ పోయి పైభాగం బల్లపరుపుగా మిగిలింది. పాలిష్ చేసి, సిమెంట్ పెట్టి పంపించాను. పేషెంట్ సంతోషంగానే వెళ్ళారు. నాకే లోపల ఏదో గుచ్చుతోంది.

ఇలా ఒక్కసారే జరిగి ఉంటే పట్టించుకునేదాన్ని కాదు. ఈ నెలలో ఇది నాలుగోది.

సాయంత్రం ల్యాబ్ టెక్నీషియన్ అన్నకు ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆయన అంతా విని, "మేడమ్, మీరు పంపిన బైట్ నా దగ్గరే ఉంది. రేపు తీరిక చేసుకుని వచ్చి మీరే మోడల్స్ మీద పెట్టి చూడండి" అన్నారు. బైట్ అంటే పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తాయో చూపించడానికి మధ్యలో మెత్తటి పదార్థం పెట్టి కొరికించి తీసే అచ్చు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

2వ రోజు

వెళ్ళాను. ఆయన పై దవడ మోడల్, కింది దవడ మోడల్ (పేషెంట్ పళ్ళ నమూనాలు), నేను పంపిన గులాబీ రంగు మైనం బైట్ బల్ల మీద పెట్టి పక్కకు జరిగారు. మైనాన్ని కింది మోడల్ మీద పెట్టి వేలితో ఎడమవైపు నొక్కితే కుడివైపు లేచింది. కుడివైపు నొక్కితే ఎడమవైపు. టక్ టక్ మని ఊగుతోంది, కాలు పొట్టి అయిన కుర్చీలాగా.

"ఇందులో ఏది మీ పేషెంట్ బైట్ అనుకోమంటారు?" అని అడిగారు. నేనేం చెప్పను? పాపం ఆయన చూపుకు ఏది సబబుగా తోస్తే అక్కడ నొక్కి ఆర్టిక్యులేటర్‌కు (మోడల్స్‌ను దవడల్లా తెరిచి మూసే కీలు పరికరానికి) ఎక్కించారు. క్రౌన్ ఆ మోడల్స్‌కు సరిగ్గానే సరిపోయింది. పేషెంట్ నోటికే సరిపోలేదు.

"అయితే సిలికాన్‌కు మారిపోతా" అన్నాను. ఆయన నవ్వి అరలోంచి వేరే క్లినిక్ నుంచి వచ్చిన సిలికాన్ బైట్ తీశారు. దళసరిగా, గుర్రపు నాడా ఆకారంలో, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మోడల్ మీద పెడితే అదీ కూర్చోలేదు. నొక్కితే కూర్చుంటుంది, చెయ్యి తీస్తే లేస్తుంది.

దారిలో తిరిగి వస్తూ అనుకున్నాను: ఏ కంపెనీ సరుకు కొనాలా అని కాదు, ఏ మెటీరియల్ ఎక్కడ ఎందుకు తప్పుతోందో ఒకసారి చేతులారా చూడాలి. ఒకే నోరు, ఒకే జత మోడల్స్, ఒక్కోసారి ఒక్క మెటీరియల్ మాత్రమే మార్చి. నాలుగైదు వారాలు పట్టినా సరే.

4వ రోజు

నోరు దొరికింది. మా అసిస్టెంట్ అమ్మాయి తనే ముందుకొచ్చింది. జ్ఞానదంతాలు తప్ప మిగతా 28 పళ్ళూ ఉన్నాయి, ఒక్క ఫిల్లింగ్ కూడా లేదు. "ఎన్నిసార్లు కొరకాలో ముందే చెప్పండి మేడమ్" అంది. చెప్పలేదు. చెబితే పారిపోతుంది.

మెటీరియల్ జోలికి వెళ్ళే ముందు అసలు నిజం ఏమిటో రాసి పెట్టుకోవాలి కదా. షిమ్ స్టాక్ తీశాను. 8 మైక్రాన్ల మందం ఉన్న పల్చటి రేకు. రెండు పళ్ళ మధ్య పెట్టి కొరకమని లాగితే, ఆ జత నిజంగా తాకుతుంటే రేకు పట్టుకుంటుంది, తాకకపోతే జారి వచ్చేస్తుంది. వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుందనుకుంటే ఇది ఎంత పల్చనో ఊహించుకోవచ్చు. పళ్ళ మధ్య 20 మైక్రాన్ల అడ్డం వచ్చినా చాలామందికి తెలిసిపోతుంది. అంటే "ఏదో అడ్డంగా ఉంది డాక్టర్ గారూ" అనే పేషెంట్ చాదస్తంతో అంటున్నట్టు కాదు.

ఒక్కో జతకు "పట్టింది", "జారింది" అని పట్టిక రాసుకున్నాను. ఎడమవైపు రెండో మోలార్ల మధ్య రేకు జారిపోయింది, పక్కదాని దగ్గర గట్టిగా పట్టింది. ఇన్నాళ్ళూ క్రౌన్ పెట్టే ముందు మిగతా పళ్ళ పట్టు ఎలా ఉందో ఎప్పుడూ రాసుకోలేదు. పెట్టాక మళ్ళీ అలాగే ఉందో లేదో ఇక దేనితో పోల్చాను?

5వ రోజు

మోడల్స్ పోశాను, పారేశాను.

ఆల్జినేట్‌తో (నీళ్ళలో కలిపే అచ్చు పొడితో) ఇంప్రెషన్, అంటే పళ్ళ అచ్చు, తీసి అందులో స్టోన్ (గట్టి డెంటల్ ప్లాస్టర్) పోస్తే, పళ్ళ పైభాగంలో గాడుల దగ్గర ఆవగింజ కంటే చిన్న స్టోన్ పూసలు. ఆల్జినేట్‌లో గాలి బుడగ చిక్కితే ఆ ఖాళీలోకి స్టోన్ దిగి మోడల్ మీద పూస అవుతుంది. ఆ పూస కింద ఏ బైట్ పెట్టినా ఎత్తులోనే ఆగుతుంది. మోడల్ మీద బైట్ ఊగితే తప్పు బైట్‌దేనని నిన్నటిదాకా నమ్మాను. నా పాత కేసుల మోడల్స్ కూడా తీసి భూతద్దంతో చూశాను. ఎదుటి దవడ మోడల్ ఒక్కటైనా శుభ్రంగా లేదు. ఎదుటి దవడే కదా అని ట్రే నింపి నోట్లో పెట్టేయడం, పోయడానికి గంట ఆగడం. ఆల్జినేట్ ఆలోపు నీరు వదిలి కుంచించుకుపోతుంది. మెటీరియల్ మీద ఇంకా ఒక్క రూపాయి పెట్టకముందే సగం తప్పు దొరికిపోయింది.

ఈసారి ట్రే పెట్టే ముందు కాస్త ఆల్జినేట్‌ను వేలితో పళ్ళ పైభాగం మీద గట్టిగా రుద్దాను. తీసిన వెంటనే పోశాను. పూసలు చాలా తగ్గాయి. అయినా పరీక్షకు అనుమానం మిగలకూడదని చివరికి రెండు దవడలకూ అడిషన్ సిలికాన్ (కొలత మారని రబ్బరు లాంటి అచ్చు పదార్థం) తోనే ఇంప్రెషన్ తీశాను.

6వ రోజు

ల్యాబ్‌లో మోడల్స్‌ను చేత్తోనే కలిపాం. ఇన్ని పళ్ళున్న నోటికి అవి ఒకదానిలో ఒకటి తాళంలో చెవిలా దిగిపోయాయి, ఊగే ప్రసక్తే లేదు. వాటిని పుల్లలతో, అంటించే మైనంతో బిగించి ఆర్టిక్యులేటర్‌కు ఎక్కించాం. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వ్యాకోచిస్తుంది, మామూలు ప్లాస్టర్ అయితే 0.3 శాతం దాకా కూడా. అందుకని అన్న తక్కువ వ్యాకోచించే మౌంటింగ్ ప్లాస్టర్ వాడి, రెండు విడతల్లో కొంచెం కొంచెంగా వేశారు. అది ఆరాక షిమ్ స్టాక్ పెట్టి చూస్తే, నోట్లో పట్టిన జతల దగ్గర ఇక్కడా పట్టింది. జారిన ఎడమ మోలార్ దగ్గర ఇక్కడా జారింది.

ఆర్టిక్యులేటర్ ముందు భాగంలో ఎత్తు చూపే పిన్‌ను సున్నా దగ్గర బిగించాం. ఇక మీదట చేయాల్సింది ఒక్కటే. నోట్లో తీసిన ఒక్కో బైట్‌ను ఈ మోడల్స్ మధ్య పెట్టి మూయడం, పిన్ ఎంత లేస్తుందో చూడటం. కీలుకు మోలార్లు దగ్గర, పిన్ దూరం. అందుకే వెనకాల చిన్న అడ్డం పడ్డా ముందు అది పెద్దదై కనిపిస్తుంది.

8వ రోజు: మైనం

మైనంలో బైట్ తీయడం ఇప్పటి పద్ధతి కాదు. జర్మనీలో ఫిలిప్ ఫాఫ్ 1756లోనే దాని గురించి రాశాడు. అంత పాతది కాబట్టి మొదట దానికే మర్యాద ఇచ్చాను.

గులాబీ రంగు బేస్‌ప్లేట్ మైనం, రెండు మడతలు, వేడి నీళ్ళలో మెత్తబరచి. మొదటి ప్రయత్నంలోనే సమస్య కళ్ళముందే జరిగింది. నీళ్ళలోంచి తీసి నోట్లో పెట్టేలోపు అంచులు చల్లారాయి, మధ్యలో మెత్తగానే ఉంది. అమ్మాయి కొరికేటప్పుడు గట్టిగా ఉన్న వైపు నుంచి తప్పించుకుని దవడ అర మిల్లీమీటర్ పక్కకు జరిగింది. తనకు తెలియలేదు. కోరపళ్ళ గీతలు కలవకపోవడం చూసి నేను కనిపెట్టాను. మెటీరియల్ గట్టిపడక ముందు దవడకు ఎదురు తిరగకూడదు అంటారు. కాలేజీలో అది పరీక్ష కోసం బట్టీ పట్టిన వాక్యం. ఈ రోజు కంటితో చూశాను.

మూడోసారి బాగానే కుదిరింది. ఆర్టిక్యులేటర్ మీద పెడితే పిన్ ఒక మిల్లీమీటర్ పైనే లేచింది. రాత్రంతా బల్ల మీద వదిలి మర్నాడు చూస్తే ఇంకొంచెం ఎక్కువ లేచింది, పైగా ఊగడం మొదలైంది. వేడి మార్పుకు మైనం స్పందించేంతగా డెంటల్ సామాన్లలో మరేదీ స్పందించదు. పన్ను ఒక పాలు వ్యాకోచిస్తే మైనం ముప్ఫై పాళ్ళకు పైనే. నోట్లో 37 డిగ్రీల దగ్గర ఉన్నది గదిలోకి వచ్చి చల్లారితే కుంచించుకుంటుంది. మెత్తబరచి వంచినప్పుడు లోపల దాగిన ఒత్తిడి గంటల తరబడి మెల్లగా విడుదలై ఆకారం మారుతుంది. నేను చేసిందేమిటి? ఇన్నాళ్ళూ మైనం బైట్‌ను కవర్లో వేసి, బండి పెట్టెలో పెట్టి, మర్నాడు ల్యాబ్‌కు పంపడం. ఆ కవర్లో ల్యాబ్‌కు చేరినది పేషెంట్ బైట్ అని ఎలా నమ్మానో!

అల్యూమినియం పొడి కలిపిన మైనం కూడా చూశాను. లోహపు పొడి వల్ల వేడి లోపలిదాకా సమానంగా పాకుతుంది, అందుకే ఒకవైపు గట్టి, ఒకవైపు మెత్తన అనే గొడవ చాలా తగ్గింది. అచ్చు కూడా నిక్కచ్చిగా పడింది. దవడ పక్కకు జరగలేదు. పిన్ లేచింది కానీ మునుపటిలో సగం కూడా లేదు. వెంటనే అక్కడే ఎక్కించేట్టయితే ఇది వాడదగ్గదే. కవర్లో వేసి పంపేందుకు మాత్రం కాదు.

10వ రోజు: జింక్ ఆక్సైడ్ యూజినాల్

లవంగ నూనె వాసన క్లినిక్ అంతా. ఫ్రేమ్‌కు బిగించిన పల్చటి గాజ్ (జాలి) గుడ్డ మీద రెండు వైపులా పేస్ట్ రాసి కొరికించాను. ఇది కొరికేటప్పుడు అసలు ఎదురే తిరగదు. దవడ తన చోటికి తాను వెళ్ళింది. గట్టిపడ్డాక రాయిలా ఉంటుంది, మైనంలా వంగదు, కుంచించుకుపోయేది కూడా చాలా తక్కువ. మోడల్ మీద పెడితే ఖడక్కున కూర్చుంది. కూర్చున్నప్పుడు వచ్చే ఆ చప్పుడు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఇక నష్టాలు. నోట్లోంచి తీసేటప్పుడు పంటి పక్క పల్లాల్లో చిక్కి ఒక ముక్క విరిగింది. రెండోసారి బయట కత్తితో సవరిస్తుంటే విరిగింది. అసిస్టెంట్ అమ్మాయికి పెదవులు మండి, వాసెలిన్ రాయడం మర్చిపోయినందుకు నన్ను రోజంతా గుర్తుపెట్టుకుంది. గట్టిపడే దాకా కదలకుండా కొరికి ఉండాల్సిన ఆ నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో తన మొహం చూస్తే తెలిసింది. ఇంకొకటి, యూజినాల్ (ఆ లవంగ నూనె) మిగిలిపోయినచోట రెజిన్ (పంటి పనిలో వాడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) సరిగా గట్టిపడదు. అరగదీసిన పంటి మీద రెజిన్ కోర్ గానీ రెజిన్ సిమెంట్ గానీ వాడాల్సి ఉంటే ఇది దగ్గరికి రానివ్వకూడదు.

పళ్ళే లేని నోట్లో, మైనం రిమ్స్ (పళ్ళ స్థానంలో పెట్టే మైనం గట్లు) మీద పల్చగా రాసి వాడటానికి మాత్రం దీన్ని మించింది నాకు కనిపించలేదు. అక్కడ చిక్కుకోవడానికి పల్లాలూ ఉండవు, విరగడానికి పొడవాటి ముక్కలూ ఉండవు.

13వ రోజు: సిలికాన్, ఓటమి

బైట్ కోసమే చేసిన అడిషన్ సిలికాన్, గన్‌తో నొక్కేది. గట్టిదనంలో షోర్ ఏ స్కేల్ మీద 90 చుట్టుపక్కల. నోట్లో నిమిషంలోపే గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు ఉప పదార్థాలేమీ వదలదు కాబట్టి రోజులు గడిచినా కొలత మారదు. కాగితం మీద ఇంతకంటే మంచి మెటీరియల్ లేదు. అందుకే మొత్తం వంపు నిండా ధారాళంగా వేసి కొరికించాను. చాలా అందంగా వచ్చింది, ఒక్కో గాడీ, ఒక్కో గీతా.

ఆర్టిక్యులేటర్ మీద పెడితే పిన్ దాదాపు ఒక మిల్లీమీటర్ లేచింది. ముతక మైనంతో పోటీ పడుతోంది.

సాయంత్రం అంతా దాన్నే తిప్పి తిప్పి చూశాను. నొక్కితే పిన్ సున్నాకు దిగుతుంది, వదిలితే లేస్తుంది. స్ప్రింగ్. మెటీరియల్ తప్పు కాదని తెలుసు, ఎక్కడ తప్పో తెలియలేదు.

14వ రోజు: సిలికాన్, మళ్ళీ

అన్న ఫోన్‌లోనే చెప్పారు: "మేడమ్, బైట్‌లో ఉన్న గాడి నా మోడల్‌లో ఉందా లేదా చూడండి."

విషయం అంతా అక్కడే ఉంది. సిలికాన్ పంటి గాడిలోకి దిగి అట్టడుగు దాకా అచ్చు తీసుకుంటుంది. మోడల్ ఇంప్రెషన్ ఎంత బాగున్నా, స్టోన్ ఎంత మంచిదైనా, ఆ గాడి అంత లోతుగా, అంత పదునుగా రాదు. బైట్‌లోని సన్నటి సిలికాన్ గట్టు మోడల్‌లోని నిండిపోయిన గాడిలో దిగక పైనే ఆగుతుంది. అలాంటివి ఓ ఇరవై చోట్ల. బైట్ ఎంత నిక్కచ్చిగా ఉంటే మోడల్‌తో అంత తగాదా! పైగా పంటి పక్క పల్లాల్లోకి పాకిన సిలికాన్, చిగురు మీద పడ్డ సిలికాన్. నోట్లో చిగురు మెత్తగా నొక్కుకుపోతుంది, మోడల్ మీద అదే చిగురు రాయి.

పదునైన బ్లేడు తీసుకుని కోయడం మొదలుపెట్టాను. మొనల కొసలు తాకిన చిన్న గుంటలు మాత్రం మిగిల్చి, గాడుల గట్లన్నీ తీసేశాను. చెంపవైపు గోడ పూర్తిగా కోసేశాను, మోడల్ కూర్చుందో లేదో పక్కనుంచి కంటికి కనపడాలి కదా. చిగురు తాకిన ముక్క అసలు ఉంచలేదు. మొదటి ముచ్చటైన బైట్‌లో పావు వంతు కూడా మిగల్లేదు, చూస్తే ఎలుక కొరికినట్టుంది. మోడల్స్ మధ్య పెట్టాను. పిన్ కనపడీ కనపడనంత లేచింది. నొక్కినా వదిలినా అక్కడే ఉంది.

కత్తి పట్టడం నేర్చుకోవడానికి ఒక రోజు పట్టింది. ఇన్నేళ్ళూ కోయని బైట్‌లే ల్యాబ్‌కు పంపాను, వాళ్ళు కోసుకుంటారు లెమ్మని. కోయడానికి వాళ్ళకు నోరు కనిపించదు. ఏ చోట మొన తాకిందో, ఏ చోట చిగురు పడిందో తీసినవాళ్ళకే తెలుస్తుంది.

చిన్న విషయాలు, మర్చిపోకుండా:

సిలికాన్ వేసే ముందు ఖాళీ నోటితో రెండుసార్లు కొరికించాలి. గన్ నొక్కడం మొదలయ్యాక "ఎలా కొరకాలి?" అని పేషెంట్ ఆలోచిస్తూ కూర్చుంటే మెటీరియల్ అప్పటికే బిగుసుకుంటుంది, ఇక అది మైనం కంటే అన్యాయం.

లేటెక్స్ గ్లవ్స్‌లోని గంధకం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. గన్‌తో వేసేదైనా, ఆ గ్లవ్స్‌తో తాకిన పంటి మీద జిగటగా మిగిలిపోవచ్చు. నైట్రైల్‌కు మారాను.

ల్యాబ్‌కు పంపే ముందు 0.5 శాతం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు. సిలికాన్‌కు ఇది ఫర్వాలేదు. పాలీఈథర్ బైట్ అయితే నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, దాన్ని తడిగుడ్డలో చుట్టి ఆల్జినేట్ పక్కన పెట్టడం అస్సలు కుదరదు. పాలీఈథర్ మీద వేరే రోజు పెట్టలేదు. గట్టిగా, నిలకడగా ఉంది, కోయడమూ సిలికాన్ లాంటిదే.

17వ రోజు

రెజిన్. పొడి, ద్రవం కుంచెతో కలుపుతూ కట్టే ప్యాటర్న్ రెజిన్. కొలతకు ఇది రాజే, గట్టిపడ్డాక వంగదు, నలగదు. కానీ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, వేడి కూడా పుడుతుంది. ఒకేసారి పెద్ద ముద్ద కడితే తప్పు దానిలోనే దాగి ఉంటుంది. చిన్న ముక్కగా కట్టి, గట్టిపడ్డాక మధ్యలో కోసి, ఆ సందును కొంచెం రెజిన్‌తో మళ్ళీ అతికితే కుంచించుకునేది ఆ సందు వరకే. అసిస్టెంట్ అమ్మాయి నోట్లో అరగదీసిన పన్ను లేదు కాబట్టి దీన్ని ప్లాస్టిక్ పళ్ళ మోడల్ మీదే చేశాను. ఒకటి రెండు క్రౌన్‌లకు ఇంత శ్రమ అనవసరం. చివరి మోలార్లు రెండువైపులా అరగదీసిన కేసులో, వెనకాల ఆధారమే లేనప్పుడు, అప్పుడు దీని అవసరం పడుతుంది.

18వ రోజు

డెమో కోసం వచ్చిన ఇంట్రాఓరల్ స్కానర్ రెండు రోజులు క్లినిక్‌లో ఉంది. ఇందులో బైట్ మెటీరియల్ అసలుండదు. పళ్ళు కలిపి ఉంచితే చెంపవైపు నుంచి స్కాన్ చేస్తారు, సాఫ్ట్‌వేర్ రెండు దవడలనూ ఆ చిత్రానికి కలిపేస్తుంది. ఎదురు తిరగడం లేదు, కోయడం లేదు, లవంగ నూనె అంతకన్నా లేదు.

ఒకసారి మామూలుగా, ఒకసారి బలంగా కొరకమని స్కాన్ చేశాను. స్క్రీన్ మీద కాంటాక్ట్ మచ్చలు రెండింట్లో ఒకేలా లేవు. పంటికి, ఎముకకు మధ్య ఉన్న లిగమెంట్ వల్ల బలంగా కొరికితే పన్ను కొద్దిగా లోపలికి దిగుతుంది. స్టోన్ మోడల్‌లో పన్ను దిగదు, స్కాన్‌లోనూ దిగదు. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్ పై పన్నును కింది పంటిలోకి దూర్చేసి చూపించింది. ఒకవైపు రెండు మూడు పళ్ళకు బాగానే ఉంది. వంపు మొత్తానికి వచ్చేసరికి ఒక చివర కొద్దిగా వాలినట్టు అనిపించింది. కొనాలా వద్దా అన్నది ఇంకో ఖాతా. ఈ డైరీకి పనికొచ్చింది ఏమిటంటే, ఎంత బలంగా కొరకాలో పేషెంట్‌కు చెప్పడం ఇక్కడ కూడా తప్పదు.

20వ రోజు

పట్టికలు, బైట్‌లు అన్నీ సంచిలో వేసుకుని ల్యాబ్‌కు వెళ్ళాను. పిన్ ఎంత లేచిందో వరసగా రాసి చూపించాను. ఆ వరసలో కోసిన సిలికాన్ మొదటి స్థానంలో ఉంది. నాకు గర్వంగానే ఉంది.

అన్న కాగితం చూసి, "బాగుంది మేడమ్. ఇందులో అన్నిటికంటే తక్కువ ఏది లేచింది?" అన్నారు.

"సిలికాన్."

"దాన్ని దేనితో పోల్చారు?"

"చేత్తో కలిపిన మోడల్స్‌తో."

"మరి కొలబద్దకు మనం ఏ మెటీరియలూ వాడలేదు కదా?"

నేను కాసేపు ఏమీ అనలేదు. ఆరో రోజున చేత్తో కలిపినప్పుడు షిమ్ స్టాక్ నోట్లోలాగే పట్టింది. ఆ తర్వాత మధ్యలో ఏది పెట్టినా, ఎంత మంచిది పెట్టినా, కొద్దో గొప్పో చెడింది. 28 పళ్ళున్న నోట్లో ఒక్క మోలార్ అరగదీస్తే, మిగతావి తామే దారి చూపిస్తాయి. అక్కడ గుర్రపు నాడా అంత బైట్ పెట్టడమంటే తాళంలో సరిపోయే చెవికి గుడ్డ చుట్టడమే. మరీ కావాలంటే అరగదీసిన పంటి మీద మాత్రమే చిన్న ముక్క సిలికాన్. మిగతా పళ్ళు ఒకదానినొకటి నేరుగా తాకాలి.

ఇన్నాళ్ళూ "ల్యాబ్‌కు ఏదో ఒక బైట్ పంపకపోతే బాగుండదు" అని పంపేదాన్ని. అన్న కూడా "పంపారు కదా, వాడకపోతే బాగుండదు" అని వాడేవారట. ఇద్దరం మర్యాదకు పోయి మధ్యలో క్రౌన్‌ను ఎత్తు చేశాం.

23వ రోజు: అసలు పేషెంట్లు

పై దవడ మొదటి ప్రీమోలార్ (కోరపన్ను వెనకది), ఒక్క క్రౌన్. ల్యాబ్ షీట్‌లో బైట్ గడిలో "లేదు, చేత్తో కలపండి" అని రాసి, కింద షిమ్ స్టాక్ పట్టిన జతల పట్టిక ఇచ్చాను. అన్న ఆ జతల దగ్గర రేకు పట్టేదాకా సరిచూసి ఎక్కించారు.

రెండో కేసు కింది దవడ చివరి మోలార్, మళ్ళీ అదే నా మొదటి రోజు శత్రువు. చివరి పన్ను అరగదీస్తే వెనకాల ఊతం పోతుంది, కీలు కొద్దిగా పైకి సర్దుకుంటుంది. అందుకే అరగదీసినప్పుడు బాగా ఉన్న ఖాళీ కాసేపటికి తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. అరగదీసిన పంటి మీద మాత్రమే సిలికాన్ వేశాను, కోశాను, ఊగడం లేదు. సంతోషపడ్డాను.

29వ రోజు

ప్రీమోలార్ క్రౌన్ పెట్టాను. కొరికించాను. రేకు పక్క పళ్ళ దగ్గర పట్టింది, క్రౌన్ దగ్గర కూడా పట్టింది. ఒక చిన్న మచ్చ పాలిష్‌తోనే పోయింది. అరగదీసే బర్ తీయలేదు.

మోలార్ క్రౌన్ ఎత్తు వచ్చింది. మొదటి రోజంత కాదు, కానీ వచ్చింది.

మెటీరియల్ సరే, కోత సరే, మోడల్స్ సరే. రికార్డు పేపర్ తీసి చూశాను. ఆ రోజు నరానికి మత్తు ఇచ్చాను, నలభై నిమిషాలకు పైగా నోరు తెరిచి ఉంచాను, ఇంప్రెషన్ కూడా తీసి, అన్నీ అయ్యాక అలిసిపోయిన దవడతో బైట్ తీసుకున్నాను. నాలుక సగం తిమ్మిరిగా ఉన్న మనిషికి తను ఎలా కొరుకుతున్నాడో తెలిసే వీలెక్కడిది? మిగతా పళ్ళ దగ్గర అప్పుడు రేకు పెట్టి చూడలేదు. పెట్టి ఉంటే అక్కడే తెలిసేది.

క్రౌన్‌కు బదులు తాత్కాలిక క్యాప్ పెట్టి పంపించాను. మత్తు లేకుండా, పొద్దునపూట రమ్మన్నాను.

31వ రోజు

వచ్చారు. తాత్కాలిక క్యాప్ తీసి, కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడించాను. ఖాళీ నోటితో రెండుసార్లు కొరికించి, రెండువైపులా రేకు పట్టిందని చూసుకున్నాకే సిలికాన్ వేశాను. వేశాక, అది మెత్తగా ఉండగానే ఎదుటివైపు ప్రీమోలార్ దగ్గర రేకు పట్టుకుని లాగించాను. పట్టింది. అంటే ఇక్కడి సిలికాన్ దవడను పైకి ఎత్తలేదు. పాత, కొత్త బైట్‌లు పక్కపక్కన పెడితే కొత్తదాంట్లో మొన కింద సిలికాన్ పల్చబడి వెలుతురు కనిపిస్తోంది, పాతదాంట్లో కనిపించడం లేదు. తేడా అంతే.

38వ రోజు

మోలార్ క్రౌన్ కూర్చుంది. రేకు అన్నిచోట్లా తన పట్టికను గుర్తుపెట్టుకుంది. పేషెంట్ రెండుసార్లు పళ్ళు కొట్టుకుని, "పెట్టారా?" అన్నారు.

ఇంకో కేసు వచ్చి చేరింది. వెనక పళ్ళు చాలా పోయాయి, మిగిలినవి అరిగి ఎత్తు తగ్గాయి, పాత క్రౌన్‌లు ఆరు మార్చాలి. చేత్తో కలిపితే మోడల్స్ మూడు రకాలుగా కలుస్తున్నాయి, అంటే ఇక్కడ అన్న మంత్రం పని చేయదు. పళ్ళు చెప్పే దారిని కాక కీళ్ళు చెప్పే దారిని పట్టుకోవాలి, సెంట్రిక్ రిలేషన్. ముందు పళ్ళ మీద రెజిన్‌తో చిన్న జిగ్ కట్టాలి, విక్టర్ లూసియా 1964లో చెప్పిన పద్ధతి. దానితో వెనక పళ్ళు తాకకుండా విడిపోయి, కండరాలు పాత అలవాటు మర్చిపోతాయి. తర్వాత వెనక మిగిలిన పళ్ళ మధ్య రికార్డు. ఈసారి దవడ తెరిచి ఉండగా తీస్తాం కాబట్టి ఫేస్ బో (పై దవడ కీళ్ళకు ఎంత దూరంలో ఉందో కొలిచే పరికరం) లేకుండా ఎక్కిస్తే, రికార్డు తీసేశాక మూసేటప్పుడు దారి తప్పుతుంది. పళ్ళు లేనిచోట మైనం రిమ్ మీద పల్చగా జింక్ ఆక్సైడ్, పళ్ళున్నచోట సిలికాన్, లేదా అంతటా అల్యూమినియం మైనమేనా? మోడల్స్‌ను అక్కడికక్కడే ఎక్కించేట్టయితే మైనం సరిపోతుందని అన్న అంటున్నారు. తను ఆర్టిక్యులేటర్ తీసుకుని క్లినిక్‌కే వస్తారట.

అసిస్టెంట్ అమ్మాయి ఇది విని లవంగ నూనె సీసాను పై అరలోకి జరిపింది. వాసెలిన్ డబ్బా మాత్రం ట్రేలో ముందు వరసలో పెట్టింది.